వసకొమ్ము: ఏ వస, ఎందులో నానబెట్టింది, ఎవరి నాలుక మీద?

గలగలా మాట్లాడే పిల్లవాణ్ణి చూసి "వీడికి వస కాస్త ఎక్కువే పోసినట్టున్నారు" అనడం తెలుగు ఇళ్లలో మామూలే. సానరాయి, దీపం మీద కాల్చిన వసకొమ్ము, పసిబిడ్డ నాలుక్కి రాసిన కాస్తంత గంధం... మనకిది మందు కన్నా ముందు ఆచారం. అదే కొమ్మునుగానీ, దాని నూనెనుగానీ, సారాన్నిగానీ అమెరికాలో 1968 నుంచి తినే వస్తువుల్లో కలపకూడదు. యూరప్‌లో చేదు మద్యాల్లో ఇప్పటికీ వాడతారు కానీ అందులోని ఒక పదార్థానికి గట్టి పరిమితి పెట్టారు. ఆయుర్వేదం దీన్ని మేధ్యం, అంటే బుద్ధికి బలమిచ్చేది అంటుంది. హోమియో దుకాణంలో దీన్నే ఆల్కహాలులో నానబెట్టి తీసిన మదర్ టింక్చర్‌గా అమ్ముతారు.

ఇన్ని చోట్ల ఇన్ని తీర్పులు ఎందుకొచ్చాయి? ఇంటర్నెట్‌లో వెతికితే రెండే జవాబులు దొరుకుతాయి. వేల ఏళ్లుగా వాడుతున్నాం కాబట్టి అమృతం అని ఒకరు, క్యాన్సర్ తెస్తుంది కాబట్టి విషం అని ఇంకొకరు. వీళ్లిద్దరూ మాట్లాడుతున్నది ఒకే వస్తువు గురించి కాదన్నదే అసలు చిక్కు. మొక్క రకం మారితే, నానబెట్టిన ద్రవం మారితే, మోతాదు మారితే, మింగే మనిషి మారితే వస కూడా మారిపోతుంది. ముఖ్యంగా టింక్చర్ దగ్గరికొచ్చేసరికి మన అమ్మమ్మల అనుభవం సాక్ష్యంగా పనికిరాదు. వాళ్లు ఇచ్చింది టింక్చర్ కాదు.

ముందు మొక్క సంగతి. వస శాస్త్రీయ నామం అకోరస్ కలామస్. చిత్తడి నేలల్లో, చెరువు గట్ల తడిలో కత్తుల్లాంటి ఆకులతో పెరుగుతుంది. మనం కొమ్ము అనేది నిజానికి వేరు కాదు, నేలలో అడ్డంగా పాకే కాండం. ఎండాక కణుపులు కణుపులుగా, ఘాటైన వాసనతో ఉంటుంది. సంస్కృతంలో వచ, ఉగ్రగంధ అన్నారు. తమిళులకు వసంబు, కన్నడిగులకు బజె, హిందీవాళ్లకు బచ్. కశ్మీర్ నుంచి మణిపూర్ దాకా కొండ ప్రాంతాల్లో సహజంగా దొరుకుతుంది. కర్ణాటకలో తుమకూరు జిల్లా కొరటగెరె ప్రాంతంలో పొలాల్లో సాగు చేస్తారు.

నోట్లో వేసుకుంటే మొదట సువాసన, వెంటనే కారం, ఆపైన వదలని చేదు. యూరప్ ఔషధశాలలు దీన్ని సువాసన గల చేదు మందుల వర్గంలో పెట్టింది ఇందుకే. చేదుకీ ఆకలికీ ఉన్న సంబంధం వట్టి నమ్మకం కాదు. మనిషికి చేదును పసిగట్టే గ్రాహకాలు సుమారు 25 రకాలున్నాయి. నాలుక మీద అవి మేలుకోగానే లాలాజలం ఊరుతుంది, వేగస్ నాడి ద్వారా కడుపులో జీర్ణరసాలకు కబురు వెళుతుంది. అందుకే పాత వైద్యులు చేదు చుక్కల్ని భోజనానికి అరగంట ముందు, నాలుకకు తగిలేలా తాగమనేవారు. క్యాప్సూల్‌లో దాచి మింగితే నాలుక చేయాల్సిన ఆ పని జరగదు.

ఈ మొక్క యూరప్‌కు చేరింది ఆలస్యంగానే. 16వ శతాబ్దంలో టర్కీ వైపు నుంచి తెప్పించారు. 1574లో క్లూసియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు వియన్నాలో దాన్ని పెంచాడు. అక్కడి నుంచి కొమ్ము ముక్కలుగా దేశదేశాల చెరువులకు పాకింది. పోలండ్‌లో దాని పేరు తాతార్ల మీదుగా వచ్చింది. దండెత్తి వచ్చిన తాతార్లు, నీళ్లు మంచివో కావో తెలుసుకోవడానికి దీన్ని నాటేవారని అక్కడో కథ చెబుతారు. అజీర్ణానికీ, కడుపుబ్బరానికీ, ఆకలి మందగించినప్పుడూ దీని టింక్చర్ వాడారు. కొమ్మును పంచదార పాకంలో ఉడికించి మిఠాయిగానూ తిన్నారు. ఉత్తర అమెరికాలో మాత్రం అంతకుముందే ఆ జాతికి దగ్గరి చుట్టం ఒకటి ఉంది. క్రీ వంటి ఆదివాసీ జాతులు దాని కొమ్మును గొంతు నొప్పికి, జలుబుకు నములుతూ వచ్చాయి.

ఆ అమెరికా మొక్కలో క్రోమోజోములు రెండు జతలు, ఒక్కో జతలో 12 చొప్పున మొత్తం 24. యూరప్ మొక్కలో మూడు జతలు, 36. మూడు జతలు సరిగా పంచుకోలేవు కాబట్టి దానికి విత్తనం పట్టదు. అది కొమ్ము ముక్కల ద్వారానే వ్యాపించింది. దక్షిణ, తూర్పు ఆసియాల్లో ఎక్కువగా కనిపించేది నాలుగు జతల రకం, 48. హిమాలయ ప్రాంతంలో మూడు జతల రకం కూడా ఉంది. చూపుకి మూడూ వసలే. వాసనలో కొద్ది తేడా తప్ప మామూలు మనిషి కనిపెట్టలేడు. నూనెలో మాత్రం నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా.

ఆ తేడా పేరు బీటా-అసరోన్. రెండు జతల అమెరికా రకంలో ఇది దాదాపు లేదు. మూడు జతల యూరప్ రకంలో నూనెలో సాధారణంగా 10 శాతం లోపు, కొన్నిట్లో అంతకు కాస్త పైన. నాలుగు జతల రకంలో 70, 80 శాతం మామూలు, 90 దాటినవీ ఉన్నాయి. యూరప్ పుస్తకం చదివి "వంద చుక్కలు తాగినా ఏమీ కాదు" అని ఇక్కడి కొమ్ముకు వర్తింపజేసేవాళ్లు, అమెరికా ఆదివాసీల అనుభవాన్ని మన వసకు సాక్ష్యంగా తెచ్చేవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే.

ఎలుకలు ఏం చెప్పాయి, ఏం చెప్పలేదు

1960ల్లో అమెరికాలో ఎలుకలకు రెండేళ్ల పాటు మేతలో వస నూనె కలిపి పెట్టారు. ఆ నూనె జమ్మూ నుంచి వచ్చింది, అంటే బీటా-అసరోన్ దండిగా ఉన్నది. ఎలుకలకు చిన్నపేగు మొదటి భాగంలో కణితులు వచ్చాయి, ఎదుగుదల తగ్గింది. 1967లో ఆ ఫలితాలు బయటికొచ్చాయి, మరుసటి ఏడే నిషేధం వచ్చింది. తర్వాతి పరిశోధనలు కారణం దగ్గరికి వెళ్లాయి. కాలేయంలోని ఎంజైములు బీటా-అసరోన్‌ను మార్చే క్రమంలో ఎపాక్సైడ్ అనే చురుకైన రూపం తయారవుతుంది. అది డీఎన్‌ఏను అంటుకుని దెబ్బతీయగలదు.

ఇది మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందన్న నిరూపణ కాదు. ఎలుకలకు పెట్టింది శుద్ధమైన నూనె, అదీ రోజూ, జీవితమంతా. అయితే "అది ఎలుకల్లో కదా" అని చెయ్యి దులుపుకోవడం కూడా కుదరదు. డీఎన్‌ఏను నేరుగా తాకే పదార్థాలకు ఇంతవరకు పర్లేదు అనే గీత గీయడం కష్టం. కాబట్టి నియంత్రణ సంస్థలు వీలైనంత తక్కువ అనే చోటే నిలబడతాయి. యూరప్ ఔషధ సంస్థకు చెందిన మూలికల కమిటీ 2005లో మూలికా మందుల నుంచి వచ్చే అసరోన్ రోజుకు సుమారు 115 మైక్రోగ్రాములు దాటకూడదని తాత్కాలిక పరిమితి పెట్టింది. ఒంటి బరువు కిలోకు రెండు మైక్రోగ్రాముల లెక్క అది. దాటిన మరుక్షణం విషమెక్కుతుందని దాని అర్థం కాదు, ముందుజాగ్రత్త గీత మాత్రమే. అయినా కొలబద్దగా పనికొస్తుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఎండిన వసకొమ్ములో నూనె 3 శాతం, అందులో బీటా-అసరోన్ 70 శాతం అనుకుంటే, ఒక గ్రాము కొమ్ములో సుమారు 20 మిల్లీగ్రాములు ఉంటుంది. ఒక భాగం కొమ్ముకు పది భాగాల ఆల్కహాలు పోసి తీసిన టింక్చర్‌లో, ఆల్కహాలు మొత్తాన్ని లాగేసిందనుకుంటే, ఒక్క మిల్లీలీటరులో 2 మిల్లీగ్రాములు. పూటకు 20 చుక్కల చొప్పున మూడు పూటలా వేసుకుంటే రోజుకు ఇంచుమించు ఒకటి, ఒకటిన్నర మిల్లీలీటర్లు. అంటే రెండు నుంచి మూడు మిల్లీగ్రాములు. యూరప్ గీతకు ఇది 17 నుంచి 26 రెట్లు. యూరప్ రకం కొమ్ముతో ఇదే టింక్చర్ తీస్తే ఆ సంఖ్య ఏడో వంతుకు, అంతకన్నా కిందికీ పడిపోతుంది. సీసా మీద మాత్రం రెండింటికీ ఒకటే పేరు.

నీళ్లు వేరు, ఆల్కహాలు వేరు

టింక్చర్‌ను మూలికల లోకంలో చాలామంది కషాయానికి ఆధునిక రూపంగా చూస్తారు. సీసాలో ఉంటుంది, చెడిపోదు, చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు. వస విషయంలో ఈ మార్పు చిన్నది కాదు. బీటా-అసరోన్ నూనెలాంటి పదార్థం. నీళ్లలో సరిగా కరగదు. మూత లేని గిన్నెలో మరిగిస్తే కొంత ఆవిరితో పోతుంది. వస మరుగుతుంటే ఇల్లంతా పట్టే ఆ వాసన గిన్నెలోంచి బయటికి పోతున్న నూనెదే. ఆల్కహాలు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. కొమ్ములోని నూనెను కోరి కోరి లాగుతుంది, మూత బిగించిన సీసాలో పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. సంప్రదాయం ఏదైతే వదిలించుకుందో టింక్చర్ దాన్నే పోగు చేస్తుంది.

వదిలించుకుందన్న మాట ఊరికే అనలేదు. ఆయుర్వేదంలో వచకు శోధన, అంటే మందులో వాడే ముందు శుద్ధి చేసే పద్ధతి చెప్పారు. గోమూత్రంలో, బొడతరం కషాయంలో, ఐదు రకాల చిగుళ్ల కషాయంలో ఉడికించి, చివరికి సుగంధ ద్రవ్యాల నీటి ఆవిరి పట్టించాలి. ఆ వైద్యులకు బీటా-అసరోన్ తెలియదు. కానీ పచ్చి వస ఉగ్రమైనదని, దాన్ని లొంగదీయాలని తెలుసు. ఇన్నిసార్లు ఉడికి, ఆవిరి పట్టాక ఎగిరిపోయే నూనె తగ్గకుండా ఎలా ఉంటుంది? మన ఇళ్లలో కొమ్మును దీపం మీద నల్లగా కాల్చడం కూడా, ఎవరు ఏ ఉద్దేశంతో మొదలుపెట్టారో గానీ, ఆ దారిలోదే.

మోతాదు సంగతి ఇంకా ఆసక్తికరం. అధికారిక మందుల గ్రంథమైన భారత ఆయుర్వేద ఫార్మకోపియాలో వచ చూర్ణం మోతాదు 60 నుంచి 120 మిల్లీగ్రాములు. చిటికెడు కూడా కాదు. వాంతి చేయించడానికైతే 1 నుంచి 2 గ్రాములు. ఒకటే మందు, సుమారు పదిహేడింతలు పెంచితే కడుపులోది బయటికి తోస్తుంది. చరక సంహిత వచను అనేక గణాల్లో చేర్చింది, తెలివి తెప్పించేవాటిలో, కొవ్వు కరిగించేవాటిలో, మొలలకు వాడేవాటిలో. బ్రాహ్మీ ఘృతం, సారస్వతారిష్టం రెండింట్లోనూ వచ ఒక పాలు. ఒక పాలు మాత్రమే అన్నది గమనించాలి. వసను ఒంటరిగా, రోజూ, నెలల తరబడి చెంచాలతో తాగమన్నది సంప్రదాయం కాదు. అది ఈమధ్య వీడియోల్లో పుట్టిన వైద్యం.

జ్ఞాపకశక్తి మాటేమిటి? జంతువుల మీద మెదడుకు సంబంధించి బోలెడు పరిశోధనలు జరిగాయి. మత్తు కలిగించడం, నిద్రమందు ప్రభావాన్ని పొడిగించడం వాటిలో పదే పదే కనిపిస్తుంది. మనుషుల్లో బుద్ధి పెరుగుతుందని మాత్రం పెద్ద ఎత్తున, పకడ్బందీగా జరిపిన పరీక్ష ఏదీ చూపలేదు. మాట ఆలస్యమైన పిల్లలకు వస పోస్తే మాటలొస్తాయన్న నమ్మకానికి ఆధారం అంతకన్నా తక్కువ. ఆ పిల్లలకు ముందుగా చేయించాల్సింది వినికిడి పరీక్ష. వస పోస్తూ కూర్చుంటే ఆ కాలమే నష్టం.

పసిబిడ్డల దగ్గర

ఇక్కడ నేను మెతగ్గా మాట్లాడలేను. నాలుక్కి రాసే గంధంలో 10 మిల్లీగ్రాముల పచ్చి వస ఉందనుకుంటే, పై లెక్క ప్రకారం 200 మైక్రోగ్రాముల బీటా-అసరోన్. మూడు కిలోల బిడ్డకు కిలోకు రెండు మైక్రోగ్రాముల చొప్పున గీత ఆరు దగ్గర ఉంటుంది. కాల్చిన కొమ్ములో ఇంత ఉండదు, రోజూ రాయరు, రాసినా ఒకటి రెండు సార్లే. తరతరాలుగా ఈ ఆచారం కొనసాగడానికి అదే కారణం కావచ్చు. దాన్ని పట్టుకుని "కొంచెం ఎక్కువ రాసినా ఏం కాదు" అనడం, గంధానికి బదులు టింక్చర్ చుక్క వేయడం మాత్రం పూర్తిగా వేరే పని. టింక్చర్లలో ఆల్కహాలు సగానికి పైగానే ఉండొచ్చు. శిశువుకు అది ఒక్క చుక్క కూడా వద్దు.

పైగా ప్రమాదం వస ఒక్కదానిదే కాదు. వసను తేనెలో రంగరిస్తారు. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టకూడదు, బాటులిజం అనే అరుదైన, ప్రాణాంతకమైన పక్షవాతం వచ్చే అవకాశం ఉంది. సానరాయి మీద ఉన్న మురికి, తడి చేతుల మీది క్రిములు ఉండనే ఉన్నాయి. పుట్టిన గంటలో ముర్రుపాలు, ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మరేదీ వద్దని ఆశా కార్యకర్త చెప్పేది ఇందుకే. ఆచారం వదులుకోలేమన్న పెద్దవాళ్లుంటే కొమ్మును నోటికి కాకుండా ఒంటికి తాకించి తీసేయండి. లేదా చాలా ఇళ్లలో చేసినట్టు దారానికి గుచ్చి పెట్టండి. అయితే అది మెడకు కాకుండా, నోటికి అందకుండా ఉండాలి.

పేర్లతో వచ్చే తంటా

భావప్రకాశ అనే ఆయుర్వేద గ్రంథంలో వచ పేరుతో కనిపించేవన్నీ ఈ వస కాదు. మహాభరీ వచ అంటే మనం దుంపరాష్ట్రం అనే అల్లం జాతి దుంప. ద్వీపాంతర వచ అంటే చోప్‌చీని అనే తీగ దుంప. పారసీక వచ, హైమవతి అని ఇంకో రకం. ఇక మూలికల కొట్లో వస పక్కనే ఉండే అతివస పేరుకే వస. అది వత్సనాభి జాతి మొక్క. దానికదే వత్సనాభి అంత విషపూరితం కాకపోయినా, దాని తోబుట్టువుల్లో గుండె లయను చెడగొట్టి చంపేవి ఉన్నాయి. ఎండి ముక్కలైన దుంపల్ని చూపుతో వేరు చేయడం అనుభవం లేనివాళ్ల వల్ల కాదు. ఇంట్లో టింక్చర్ తీసుకుందామని సంచిలోంచి కొమ్ములు కొనేవాళ్లకు బీటా-అసరోన్ కన్నా దగ్గరి ప్రమాదం ఇదే. పొడి కొనడమైతే మరీ గుడ్డి బేరం.

ఇంకో తంటా కుర్రాళ్లది. వసలోని అసరోన్ ఒంట్లోకి వెళ్లాక మత్తుమందుగా మారి భ్రాంతులు కలిగిస్తుందని ఒక ప్రచారం దశాబ్దాలుగా తిరుగుతోంది. స్వీడన్‌లో 2003 నుంచి 2006 మధ్య ఇలా ప్రయోగం చేసి ఆరోగ్యం చెడిన 30 మంది కేసులను పరిశోధకులు పరిశీలించారు. చెప్పుకునే ఆ మత్తు పదార్థం పరీక్షించిన మూత్ర నమూనాల్లో కనపడలేదు. కనపడింది గంటల తరబడి ఆగని వాంతులు. ఆయుర్వేదం చెప్పిన ఒకటి రెండు గ్రాముల సంగతి తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం లేదు.

ఇంతకీ ఎవరు వాడకూడదు? గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు ఏ రూపంలోనూ వద్దు. నిద్రమాత్రలు, మూర్ఛ మందులు, మనోవ్యాధుల మందులు వాడేవాళ్లు అవి రాసిన డాక్టరుకు చెప్పకుండా వసను ముట్టుకోకూడదు. కడుపులో పుండు ఉన్నవాళ్లకు ఏ చేదు మందైనా మంటే. మద్యం మానేసినవాళ్లకు టింక్చర్ అంటే సీసాలో ఉన్న మద్యమే. 12 శాతం మించి ఆల్కహాలున్న హోమియో మందుల్ని దుకాణంలో 30 మిల్లీలీటర్లకు మించిన సీసాల్లో అమ్మకూడదని మన దేశ నిబంధనలు ఊరికే పెట్టలేదు.

ఆకలి పుట్టడమే కావలసిందైతే నాకు వస టింక్చర్ అవసరం కనపడదు. యూరప్‌వాళ్లు ఆ పనికి ఎక్కువగా జెన్షన్ వేరు వాడతారు. అది వస కన్నా చేదు, అసరోన్ ఉండదు. మనకు అంత దూరం కూడా అక్కర్లేదు. అల్లం ముక్క, వాము, శొంఠి, చారులో వేయించిన వేపపువ్వు ఉన్నాయి. రెండు వారాలు దాటినా ఆకలి రాకపోతే, బరువు తగ్గుతుంటే చేదు మందులన్నీ పక్కన పెట్టి పరీక్షలు చేయించుకోవాలి.

ఆయుర్వేద వైద్యుడి సలహాతో వచ ఉన్న మందు వాడుతున్నవాళ్లు రెండు ప్రశ్నలు అడగొచ్చు. ఇందులో వాడింది శోధించిన వచేనా? ఎన్నాళ్లు వాడాలి? రెండోదానికి జవాబు "ఎన్నాళ్లయినా" అని వస్తే వైద్యుణ్ణి మార్చుకోవడం మంచిది. గుడ్డలో మూటగట్టి బట్టల పెట్టెలో, ధాన్యం డబ్బాలో వస వాడుకోవడానికి ఈ భయాలేవీ అక్కర్లేదు. బీటా-అసరోన్ పురుగుల సంతతినే ఆపగలదు, ధాన్యం నిల్వలో వసకు పేరొచ్చింది అందుకే. ఆ బియ్యాన్ని వండే ముందు బాగా కడగాలి, అంతే.

వస మింగాక వాంతులు ఆగకపోతే, మగతగా ఉంటే, పిల్లలు పొరపాటున టింక్చర్ తాగితే, ఇంట్లో మళ్లీ వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. సీసాను, కొమ్ముల పొట్లాన్ని కూడా వెంట పట్టుకెళ్లండి. డాక్టరుకు "వస" అన్న పేరు కన్నా సీసా మీది ఆల్కహాలు శాతం, పొట్లంలోని ముక్క ఎక్కువ చెబుతాయి.